అరిగిన వేలి సాక్ష్యం

"నా యంత్రం మీద ఇది జరగలేదు. జరిగినట్టు చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం."

ఈ మాటలు రాసి పంపినప్పుడు ఎంత తృప్తి కలిగిందో ఇప్పటికీ గుర్తుంది. ఏ దేశంలోనో ఉన్న, ముక్కూ మొహం తెలియని ఒకామె, నేను చూసుకునే ప్రోగ్రాంలో ప్రమాదకరమైన లోపం ఉందని రాసింది. సిస్టంను పడగొట్టి చూపించలేదు. నేను రాసిన కోడు చదివి, ఇక్కడ ఇలా జరిగే వీలుంది అని మాత్రం చెప్పింది. నేను నాలుగుసార్లు పరీక్షించాను. ఏమీ జరగలేదు. జరగనిదాన్ని జరిగిందనుకోమంటే నేను అనుకోను. మా ఇంట్లో పూజగది లేదు. ఆ స్థానంలో ఉన్నది ఆ ఒక్క నియమమే.

ఆ నియమం మా నాయనది. ఆయన ఉదయగిరిలో చెక్క చెంచాలు చేస్తాడు. నర్ది చెక్క కోయడం, ఉలితో తొలచడం, ఆకురాయితో రాయడం, గరుకు కాగితంతో నున్నగా రుద్దడం, పగలంతా అదే పని. నా చిన్నతనంలో సాయంత్రమైతే నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని పల్లెలకు బయలుదేరేవాడు. ఎవరైనా అరచేతిలో కర్పూరం వెలిగించి మహిమ అంటే, అదే ఊళ్ళో మేమూ వెలిగించేవాళ్ళం. చెయ్యి ఎందుకు కాలలేదో నాచేత చెప్పించేవాడు. పన్నెండేళ్ళకే నేను అరుగుల మీద నిలబడి మీసాలున్న మనుషులతో వాదించాను. "ఎవురు చెప్పినాడని గాదు, ఏం చూపించినాడని అడగాల," అనేవాడు నాయన. ఆ మాటతోనే చదువుకున్నాను, వ్యాసాలు రాశాను, తిట్లు తిన్నాను, రెండు పెళ్ళిచూపులు చెడగొట్టుకున్నాను. ఇంత ఖరీదైన మాట తప్పు కావడానికి వీల్లేదని నా నమ్మకం. నమ్మకం అనే మాట కావాలనే వాడుతున్నాను.

నా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. కంప్యూటరులో మనం చూసే ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఒక పెద్ద ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని కెర్నెల్ అంటారు. ఏ ప్రోగ్రాముకి ఎంత జాగా ఇవ్వాలి, ఎవరు ఏ ఫైలు తెరవచ్చు, బయట తగిలించిన మెషిన్ల నుంచి వచ్చే సమాచారం ఎవరికి చేరాలి, అన్నీ అదే తేలుస్తుంది. దానికి పైన మరో అధికారి లేడు. అందుకే అందులో చిన్న సందు దొరికినా చాలు, ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి కూర్చున్న గిరాకీ ఆ కంప్యూటరు మొత్తానికి యజమాని అయిపోతాడు. నేను పనిచేసే కెర్నెల్ ఒకరి సొత్తు కాదు. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అందులో వేలిముద్ర మెషిన్లతో మాట్లాడే చిన్న భాగానికి నేను బాధ్యురాలిని. కొన్నేళ్ళుగా ఉదయగిరిలో మా మేడ మీది గదిలో, కిటికీలో దుర్గం కొండ కనిపిస్తుండగా, నాయన కింద చెక్క రాస్తున్న చప్పుడు వింటూ ఈ పని చేస్తున్నాను.

నా జవాబు వెళ్ళిన పదో రోజున, ఒక గురువారం, మరో ఉత్తరం వచ్చింది. ఈసారి ఆమె నుంచి కాదు. ఇలాంటి లోపాలను చూసుకునే చిన్న బృందం ఒకటి ఉంది. ఆమె వాళ్ళకు రాసింది. వాళ్ళు చదివారు. ఆమె తర్కంలో తప్పు వాళ్ళకు కనిపించలేదు. ఉత్తరం పొట్టిగా ఉంది. ఏడు రోజులు గడువు. వచ్చే గురువారం సాయంత్రం ఆమె ఈ లోపాన్ని లోకానికి వివరిస్తుంది. ఆలోపు నేను దాన్ని మూయాలి, లేదా అది లోపం కాదని నిరూపించాలి. అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదు.

ఆ లోపం ఏమిటో అనుమసముద్రంపేట దర్గాకు వెళ్ళి లాడ్జిలో దిగినవాళ్ళకు సులభంగా చెప్పగలను. ఒకాయన గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దర్గాకు వెళ్ళాడు. మేనేజరు చూసుకోకుండా ఆ గది ఖాళీ అయిందని రాసుకుని ఇంకొకరికి ఇచ్చేశాడు. పాతాయన తిరిగి వచ్చి, తన చెవితోనే తలుపు తీసి, చీకట్లో చేతికందిన సంచీ తనదే అనుకుని తీస్తాడు. కొత్తగా దిగినవాడు దొంగయితే? పాతాయన వస్తాడని, చెయ్యి అక్కడే పెడతాడని తెలిసినవాడయితే? తనకు కావలసిన సంచీ అక్కడ పెట్టి కూర్చుంటాడు. కంప్యూటరులో గది అంటే దాని మెమరీలో కాస్త జాగా. వేలిముద్ర కోసం కాచుకుని ఉన్న ప్రోగ్రాం పాతాయన. మెషిన్ ఊడిపోగానే తొందరపడి జాగా ఖాళీ చేసే మేనేజరును రాసింది నేను.

వీలుంది అన్నది ఆమె మాట. జరగలేదు అన్నది నా మాట. శుక్రవారం, శనివారం నేను నా మాట వైపే పనిచేశాను. వేలు ఆనిస్తేనే మెషిన్ చదవడం మొదలుపెడుతుంది. నా వేలు పెడతాను, అరక్షణంలో పచ్చలైటు వెలుగుతుంది, చదవడం అయిపోతుంది. ఆ అరక్షణంలో తీగ లాగేయాలి. లాగాను. వందసార్లు లాగాను. వేగంగా లాగాను, నెమ్మదిగా లాగాను. సిస్టం ఒక్కసారీ పడలేదు. అప్పుడు సంతోషించి ఉండాలి. కానీ ఆమె ఉత్తరం తెరిచి కోడు పక్కన పెట్టుకుని చదివిన ప్రతిసారీ అందులో తప్పు దొరికేది కాదు. చదివితే ఆమె చెప్పింది నిజం. చేస్తే నేను చెప్పింది నిజం. రెండూ ఎలా నిజమవుతాయి?

ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర నాయన అడిగాడు.

"మూణ్ణాళ్ళ నుంచి చూస్తా ఉండా. ముద్ద నోటికాడ పెట్టుకోని యాడికో పోతా ఉండావు. ఏందిమ్మా?"

"పని నాయనా."

"ఏం పని?"

"చెప్పగూడదు."

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "మనింట్లో చెప్పగూడనిది యాడ నుంచి వచ్చింది?"

దానికి జవాబు ఉంది. మూయకముందే చెబితే ఆ దారి దొంగలకు ముందు తెలుస్తుంది. సరైన కారణమే. కానీ చెవిలో చెప్పే మంత్రాలనూ, బయటపెడితే ఫలం పోతుందనే వ్రతాలనూ ఎగతాళి చేసి బతికిన ఇంట్లో ఆ కారణం చెప్పడానికి నాకు నోరు రాలేదు. రహస్యం ఉన్న చోట మోసం ఉంటుందని నేనే ఎన్నోసార్లు రాశాను. ఆయన కంచం తీసుకుని లేచాడు.

ఆ సాయంత్రమే మా బావ మాట గుర్తొచ్చింది. మా మేనత్త కొడుకు. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. అతని పాత కంప్యూటర్లలోకి ఈ కెర్నెల్ ఉన్న సిస్టం ఎక్కించింది నేనే. మూడు నెలల కిందట ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నువ్వు ఎక్కించిన సిస్టం కరెంటు పోతే పడిపోతా ఉండాది."

"యూపీఎస్ ఉండాది గదా బావా?"

"ఉండాది. కంప్యూటరు ఆగదు. స్క్రీను బిగుసుకోని పోతాది. అదీ ముసిలోళ్ళు వేలు పెట్టినప్పుడే. కుర్రోళ్ళు పెడితే ఏం గాదు."

"అమావాస్య నాడా, పున్నమి నాడా?"

"నవ్వు, నవ్వు. చూసింది నేను. నవ్వేది నువ్వు."

నిజంగానే నవ్వాను. పిల్లి ఎదురైతే పని చెడిందనేవాళ్ళకూ ఇతనికీ తేడా ఏముంది అనుకున్నాను. ఆ ఫోన్ సంగతి నాయనకు చెప్పి ఇద్దరం కలిసి నవ్వుకున్నాం కూడా. పిల్లి ఎదురైన రోజులు ఎన్ని, ఎదురుకాకుండా చెడిన రోజులు ఎన్ని అని అడిగే నేను, బావను ఆ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే అతని దగ్గర జవాబు ఉండేది.

సోమవారం పొద్దున బస్సెక్కాను. ఆత్మకూరులో దిగేసరికి ఎండ ముదిరింది. సెంటర్లో జనం నిండా ఉన్నారు. రైతుల ఈకేవైసీ ఆఖరి వారం అది. వేలిముద్ర పడితేనే సర్కారు సాయం జాబితాలో పేరు నిలుస్తుంది. బల్ల ముందు కూర్చున్న ముసలామె సీతారామపురం అవతలి నుంచి వచ్చింది. గొర్రెలు మేపుకునే మనిషి. రెండు బస్సులు మారి వచ్చిందట. మెషిన్ మీద వేలు పెట్టింది. ఎర్రలైటు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎర్రలైటే.

"గట్టిగా ఒత్తు అవ్వా," అన్నాడు బావ.

"ఇంకెంత గట్టిగా ఒత్తేదిరా? ఇరిగిపోతాది."

"వేలా, మెషినా?"

"ఏదైనా నాకే గదా నష్టం!"

జనం నవ్వారు. నేను ఆమె వేలు చూస్తున్నాను. కొస నున్నగా, గీతలే లేకుండా ఉంది. తాళ్ళు లాగి, కంప నరికి, పాలు పిండి, కొస మీద గీతలన్నీ అరిగిపోయాయి. మెషిన్ చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోంది. నా వేలికి అరక్షణం. ఆమె వేలికి పది, పదిహేను క్షణాలు. అంతసేపూ పాతాయన గది బయటే ఉన్నాడు.

నాకు విషయం సగం అర్థమైన ఆ నిమిషంలోనే కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. కంప్యూటర్లు ఆగలేదు, యూపీఎస్ కీచుమంటోంది. కానీ వేలిముద్ర మెషిన్ లైటు ఆరిపోయింది. బావ ముందున్న స్క్రీను బిగుసుకుపోయింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల వరసలు. అందులో నేను రాసిన ఫంక్షన్ పేరు, నేను పెట్టిన పేరే, నడిమధ్యన నిలబడి ఉంది.

"చూసినావా?" అన్నాడు బావ. "అమావాస్య ఇంకా రాలా."

నేను బల్ల కిందికి దూరాను. కంప్యూటరు తీగ యూపీఎస్‌లోకి వెళ్ళింది. వేలిముద్ర మెషిన్, ప్రింటరు తగిలించిన హబ్ డబ్బా తీగ మాత్రం నేరుగా గోడ ప్లగ్గులోకి వెళ్ళింది.

"దీన్ని గోడకు ఎందుకు పెట్టినావు బావా?"

"యూపీఎస్ మీద బరువెందుకని. ఆ ప్రింటరు, ఈ డబ్బా అన్నీ దానికే తగిలిస్తే బ్యాటరీ ఎంతసేపు ఆగతాది? ఆత్మకూరులో అందురూ ఇట్టానే పెట్టుకోనుండారు."

అందరూ! కరెంటు పోతే కంప్యూటరు బతికే ఉంటుంది, మెషిన్ మాత్రం ఊడిపోయినట్టే. అప్పుడే అరిగిన వేలొకటి మెషిన్ మీద ఆని ఉంటే మేనేజరు గది ఖాళీ చేస్తాడు. ముసలోళ్ళు వచ్చినప్పుడే, కరెంటు పోయినప్పుడే. అతను చెప్పింది అక్షరాలా నిజం. అది శకునం కాదు, సాక్ష్యం. సాక్షి మాట తీరు నచ్చక సాక్ష్యాన్ని తోసేసింది నేను.

ముసలామె వేలు తీసి, దాన్నే చూసుకుంటోంది. "నా చెయ్యి మంచిది గాదు నాయనా. నేను పెట్టినాకనే చెడిపొయ్యింది."

ఇలాంటి మాట వింటే నేను ఊరుకోను. ఆ రోజు ఊరుకోవలసి వచ్చింది. అవ్వా, తప్పు నీ చేతిది కాదు, నాది అని చెబితే, ఎట్లా అని చుట్టూ ఉన్నవాళ్ళు అడుగుతారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఒక మూఢనమ్మకం నా కళ్ళముందు, నా తప్పు వల్ల పుట్టి, నా మౌనం వల్ల బలపడింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

బావను వెనక గదిలోకి పిలిచాను.

"ఈ హబ్బూ మెషినూ నాకియ్యి. శుక్రవారం తెచ్చిస్తా. అప్పటిదాకా ఇంకో మెషిన్ గూడా తగిలించొద్దు."

"ఇది ఆఖరి వారం అమ్మాయ్! బయట చూసినావా ఎంతమంది ఉండారో? ఎందుకు?"

"చెప్పలేను."

"ఎవురన్నా అడిగితే?"

"ఏం చెప్పొద్దు. చెడిపొయ్యిందను."

అతను గోడకు ఆనుకుని నన్ను చూశాడు. చిన్నప్పుడు అతని జబ్బకున్న తాయెత్తును బ్లేడుతో కోసింది నేనే. కారణం చెప్పకుండా కట్టినవాడు మోసగాడు అని అప్పుడు ఉపన్యాసం కూడా ఇచ్చాను. అతను అది మరిచిపోలేదు.

"కారణం చెప్పవు. నమ్మమంటావు. శుక్రవారం దాకా అంటావు. ఎవురికీ చెప్పొద్దంటావు. నీళ్ళు మంత్రించేవాడు గూడా ఇంతే గదా చెప్తాడు? వాడికీ నీకూ తేడా ఏందో అది చెప్పు, మెషిన్ తీసుకోని పో."

ఇన్నేళ్ళ వాదాల్లో నన్ను ఇంత సూటిగా ఎవరూ కొట్టలేదు. నేను చదువుకున్నాను అనవచ్చు. వాడూ అంటాడు. నీ మేలు కోసం అనవచ్చు. వాడూ అంటాడు. బయట జనం గొణుగుడు వినిపిస్తోంది.

"కారణం ఎప్పుడు చెప్తానంటాడు బావా వాడు?"

"ఎప్పుడూ చెప్పడు."

"నేను గురువారం సాయంత్రం చెప్తా. నీ చెవిలో గాదు, లోకమంతా చదివేట్టు రాస్తా. మెషిన్ తెచ్చిచ్చినాక ఆ గోడ స్విచ్చి నువ్వే నీ చేత్తో వేసి తీసి చూడు. పడితే నన్ను మోసగత్తె అని బస్టాండులో నిలబడి అరువు."

"పడకపోతే?"

"అప్పుడు గూడా నమ్మొద్దు. ఇంకో యాభై సార్లు చూడు."

అతను నవ్వలేదు. బల్ల కిందికి వంగి తీగలు ఊడదీశాడు. బయటికి వచ్చి, "మెషిన్ చెడిపొయ్యింది. శుక్రవారం రాండి," అన్నాడు. జనం తిట్టుకుంటూ లేచారు. సగంమంది రోడ్డు దాటి ఎదురు సెంటర్‌కు వెళ్ళారు. ముసలామె మాత్రం ఎటూ వెళ్ళలేదు. "నా చేత్తో ఇంకో షాపు చెడగొట్టేదెందుకు," అని బస్టాండు వైపు నడిచింది. ఎదురు సెంటర్లో ఏ సిస్టం ఉందో నాకు తెలియదు. అడిగే వీలూ లేదు. హబ్ డబ్బా సంచీలో పెట్టుకుని, ఆ షాపు ముందు నుంచే, తల తిప్పకుండా నడిచి బస్సెక్కాను.

ఉదయగిరికి వచ్చాక అంతకన్నా తెలివితక్కువ సంగతి ఒకటి బయటపడింది. పరీక్షకు అరిగిన వేలు కావాలి. అది మూడు రోజులుగా మేడ కింద చెక్క రాస్తూనే ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా గరుకు కాగితం పట్టిన మా నాయన వేళ్ళు చెంచాలంత నున్నగా ఉంటాయి. ఆ వేళ్ళతో బ్యాంకులో పనికాక ఆయన విసుక్కోవడం నేను ఎన్నోసార్లు విన్నాను. విని కూడా, నా వేలే మనిషి వేలనుకున్నాను.

"నాయనా, నీ వేలు కావాల."

"దేనికి?"

"గురువారం చెప్తా."

ఆయన చేతుల పొట్టు దులుపుకుని మేడెక్కాడు. "నేను కారణం తెలీకుండా ఒక పని చేసేది ఇదే మొదలు. ఆఖరు గూడా ఇదే గావాల," అని కూర్చుని వేలు పెట్టాడు. ఎర్రలైటు వెలిగింది. నేను హబ్ తగిలించిన గోడ స్విచ్చి తీశాను.

మూడోసారికే పడింది. నా వేలితో వందసార్లు పడనిది, ఆయన వేలితో మూడోసారికి.

మంగళవారం పొద్దున మొదటి దిద్దుబాటు రాశాను. పాతాయన సంచీ ముట్టుకునే ముందు ఇది ఇంకా తన గదేనా అని ఒకసారి చూసుకోవాలి. అంతే. ముప్ఫైసార్లు పరీక్షించాను, పడలేదు. బృందానికీ, ఆమెకూ పంపాను. మధ్యాహ్నానికి ఆమె జవాబు వచ్చింది. "చూసుకోవడానికీ ముట్టుకోవడానికీ నడుమ ఎంత సమయం ఉంది?" ఒక్క ప్రశ్న. నింద లేదు, ఎత్తిపొడుపు లేదు. నేను ఆమెకు పంపిన మొదటి జవాబు గుర్తొచ్చి, దాన్ని తెరిచి మళ్ళీ చదివాను.

నాయనను మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి లెక్కపెట్టకుండా స్విచ్చి వేస్తూ తీస్తూ పోయాం. ఎండ కిటికీ దాటి గోడెక్కింది. ఆయన వేలి కొస ఎర్రబడింది.

"ఇంకా ఎన్నిసార్లు?"

"పడేదాకా."

"పడకపోతే?"

"పడతాది నాయనా. ఆమె చెప్పింది."

నోరు జారిందని తెలిసి ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "ఆమె చెప్పిందనా చేస్తా ఉండావు?" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"లేదు. కారణం చెప్పింది. చదివితే నాకూ అట్నే అగుపిస్తా ఉండాది. చూపించలేకపోతే అబద్ధమని మొన్నటిదాకా అనుకున్నా. చూపించేదానికి నా దగ్గర సరైన వేలు లేదు, అంతే."

ఆయన మళ్ళీ వేలు పెట్టాడు. ఇంకాసేపటికి స్క్రీను బిగుసుకుంది. అవే తెల్లటి వరసలు.

చేతిలో ఉన్నవి రెండు రోజులు. మంగళవారం సాయంత్రం, బుధవారం నేను రాసింది తెలివైనది కాదు, మామూలు లాడ్జి మర్యాద. ఒక గది తాళం చెవులు ఎంతమంది చేతుల్లో ఉన్నాయో రాసిపెట్టాలి. మెషిన్ ఊడిపోయినా సరే, ఆఖరి చెవి తిరిగి బల్ల మీదికి వచ్చేదాకా గది ఎవరికీ ఇవ్వకూడదు. చెవి ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు మధ్యలో ఇంకొకరు దూరకుండా తలుపు మూసి ఉంచాలి. ఇది మొదటిరోజే రాయవలసింది. మెషిన్ మర్యాదగా, పని అయ్యాక, ఒకరి చేత్తో నెమ్మదిగా ఊడుతుందని ఊహించుకున్నాను కాబట్టి రాయలేదు. నా గదిలో అది అలాగే ఊడింది మరి.

బుధవారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా, గురువారం పొద్దున మళ్ళీ, నాయన వేలు పెట్టాడు, నేను స్విచ్చి తీశాను. పడలేదు. మధ్యాహ్నం ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. "చదివాను. నాకు దారి కనిపించడం లేదు." దారి లేదు అనలేదు, నాకు కనిపించడం లేదు అంది. ఎలా మాట్లాడాలో నలభై దగ్గరపడ్డాక నేర్చుకున్నాను.

మా పనిలో ఒక ఆచారం ఉంది. దిద్దుబాటుతో పాటు, అది ఎందుకో, లోపాన్ని మొదట ఎవరు చెప్పారో కింద రాయాలి. ఆమె పేరు రాశాను. దాని పైన ఇంకో పేరు రాశాను. నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఈయన దీన్ని మూడు నెలల ముందే, ఏ పరిస్థితిలో జరుగుతుందో సహా చెప్పారు, నేను పట్టించుకోలేదు అని. ఇంకో వాక్యం: ఈ భాగాన్ని ఇన్నాళ్ళూ త్వరగా చదవగల వేళ్ళతోనే పరీక్షించాను. బృందంలో ఒకాయన, ఈ చివరి వాక్యం అవసరమా అని అడిగాడు. అవసరమే అన్నాను. సాయంత్రం అది బయటికి వెళ్ళింది. నేను కిందికి దిగి, నాయన పక్కన పొట్టులో కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన చెక్క రాయడం ఆపకుండానే విన్నాడు. చివర, "ఆ పిల్లోడు చెప్పినప్పుడు నేను గూడా నవ్వినా గదా," అని ఆకురాయి పక్కన పెట్టాడు.

శుక్రవారం హబ్బూ, మెషినూ, కొత్త కెర్నెలూ తీసుకుని ఆత్మకూరు వెళ్ళాను. బావ నేను రాసింది తన ఫోన్‌లో తెలుగులోకి మార్చుకుని చదివి ఉన్నాడు. "పేరు పెట్టినావు," అన్నాడు. అంతే. కంప్యూటరులో కొత్తది ఎక్కించాక, నేను సీతారామపురం ముసలామె వచ్చేదాకా మెషిన్ తగిలించనివ్వలేదు. పదకొండుకు ఆమె వచ్చింది. మళ్ళీ రెండు బస్సులు మారి.

"ఇంకోరిని పిలవండయ్యా. నా చేత్తో వద్దు," అంది.

"నీ చేత్తోనే గావాల అవ్వా," అని నేను ఆమె పక్కన కూర్చున్నాను. "ఆ పొద్దు చెడింది నీ వల్ల గాదు. తప్పు రాసింది నేను. నీ వేలు పెట్టబట్టే అది అగుపించింది."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వు రాసినదానివా? మరి ఆ పొద్దు ఈడనే ఉంటివి గదా. అప్పుడు చెప్పలా?"

నేను మెషిన్‌ను ఆమె ముందుకు జరిపాను. ఆమె వేలు పెట్టింది. ఎర్రలైటు. బావ గోడ స్విచ్చి తీశాడు. మెషిన్ ఆరింది. స్క్రీను బిగుసుకోలేదు. వేశాడు, తీశాడు. ఆమె కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. జనం లేచి చుట్టూ మూగారు. పది, ఇరవై. యాభై దాటాక నేను, "చాలు బావా," అన్నాను.

"నువ్వే గదా ఇంకో యాభై అన్నావు?"

ఇంకో యాభై అయ్యాయి. పడలేదు. అప్పుడు స్విచ్చి వేసి వదిలేశాడు. ముసలామె ఏడోసారి ఒత్తినప్పుడు పచ్చలైటు వెలిగింది. ఆమె పేరు స్క్రీను మీదికి వచ్చింది.

నేను బల్ల కిందికి వంగి హబ్ తీగ గోడ నుంచి ఊడదీయబోయాను. ఇక నుంచి యూపీఎస్‌కే పెట్టుకోమని చెప్పాలని. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ దాన్ని ఆడనే."

"ఎందుకు?"

"మళ్ళీ నువ్వేదన్నా తప్పు రాస్తే నీకెవురు చెప్తారు?"